వెల్లుల్లి రాయని కిటికీ

మా బ్రాన్ కోటలో రక్తపిశాచి ఉన్నాడని ప్రపంచమంతా బస్సులెక్కి వస్తుంది. పాపం, వాళ్ళు వెతికేది తప్పు చోట. రక్తపిశాచి మా పక్కింటి సవేత వంటింట్లో కూర్చుని, మొక్కజొన్న సంకటి మారు వడ్డించుకుని తిని, మూతి తుడుచుకుని, ఆఖరి బస్సుకి బ్రషోవ్ పట్నం వెళ్ళిపోయాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను.

సరే, రక్తపిశాచి అనడం కాస్త ఎక్కువే. భుజాల మీద నల్ల గుడ్డ ఉన్న మాట నిజం, దాని లోపల ఎర్ర సిల్కు. కోరలున్న మాటా నిజమే, కాకపోతే అవి ప్లాస్టిక్‌వి, కోట గుమ్మం దగ్గర అంగట్లో కొన్నవి. సంకటి మారు వడ్డించుకున్నాడన్నది మాత్రం అక్షరాలా నిజం. కావలిస్తే మా రఫీలని అడగండి, నేను ఆ రాత్రే ఆవిడకి చెప్పాను. రఫీల నా భార్య. నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని ఊరంతా చాటేది ఆవిడే కాబట్టి, మిగతా సగానికి సాక్షి కూడా ఆవిడే.

నన్ను తోదెర్ అంటారు. చిన్నప్పుడు బ్రషోవ్‌లో సిస్టర్ల మఠం బడిలో చదివాను. అబద్ధమాడితే నాలిక నల్లబడుతుందని అక్కడ చెప్పేవారు. చాలాకాలం రోజూ అద్దంలో చూసుకున్నాను. ఎంతకీ నల్లబడకపోయేసరికి ధైర్యం వచ్చి, పెద్దయ్యాక కోటలో కాపలా ఉద్యోగానికి కుదిరాను. జనం వెతికే ఆ కోరల దొర పడుకున్న మంచం, కోరల దొర తల దువ్వుకున్న దువ్వెన, వచ్చినవాళ్ళకి చూపిస్తూ తల నెరిపించుకున్నాను. ఆ దొర ఆ కోటలో ఒక్క పూటయినా ఉన్నాడో లేదో నాకు తెలియదు. అయినా ఇది దొర కథ కాదు, సవేత కథ.

సవేతది కోట గుమ్మానికి ఎదురుగా చిన్న అంగడి. ఉన్ని మేజోళ్ళు, గొర్రెతోలు చొక్కాలు, దేవదారు బెరడులో చుట్టిన గొర్రెపాల జున్ను అమ్ముతుంది. అటూ ఇటూ అంగళ్ళలో కోరలు, రబ్బరు గబ్బిలాలు, నెత్తురు రంగు పోసిన సీసాలు వేలాడుతుంటాయి. ఆమె దగ్గర అవేవీ ఉండవు. పెట్టుకుంటే జున్ను కంటే ముందు అవే అమ్ముడుపోతాయని చాలామంది చెప్పి చూశారు. "చచ్చినవాళ్ళతో నవ్వులాటేమిటి?" అని కొట్టిపారేసింది.

ఒకసారి ఒక పరదేశపు ఆవిడ నన్ను మధ్యలో దుబాసీగా నిలబెట్టి సవేతని అడిగింది, ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళు నిజంగా తిరిగొస్తారా అని.

సవేత అల్లిక సూదులు ఆపలేదు. "రారని చెప్పు అన్నయ్యా. వచ్చేటట్టయితే నేనిక్కడ కూర్చుని మేజోళ్ళమ్ముతానా, ఇంటి దగ్గర ఉండనూ?" అంది.

ఆ మాట నేను తర్జుమా చెయ్యలేదు. "ఆదివారాల్లో వస్తారట" అన్నాను. ఆవిడ మురిసిపోయి మేజోళ్ళు కొనుక్కుని వెళ్ళింది.

సవేతకి ఒక్కడే కొడుకు, గవ్రిల్. వాడి తండ్రి ఏనాడో పోయాడు. గవ్రిల్ గొర్రెల కాపరి. తాడిలా పొడుగు, ఎప్పుడూ ఆకలి. మా కొండల ఇళ్ళకి గుమ్మాలు పొట్టివి. తల వంచుకుని లోపలికి రావడం వాడికి ఎన్నడూ అలవాటు కాలేదు. వచ్చిన ప్రతిసారీ నుదురు ఠంగుమనేది. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. "వచ్చాడు సవేత కొడుకు" అనేది రఫీల. తర్వాత సవేత తిట్లు, వాడి నవ్వు, పళ్ళెం చప్పుడు.

ఒక ఏడాది మందలు కొండ దిగే రోజుల్లో మంచు ముందే పడింది. అందరూ దిగాక చూసుకుంటే కొన్ని గొర్రెలు పైనే ఉండిపోయాయి. "తోలుకొచ్చేస్తానమ్మా, సంకటి చెయ్యి" అని గవ్రిల్ మళ్ళీ పైకి వెళ్ళాడు. ఆ రోజే బుచేజ్ కొండ ఒక పక్క మంచునంతా లోయలోకి వదిలేసింది. గొర్రెలు వాటంతట అవే ఇంటికొచ్చాయి. వాడు రాలేదు. వసంతంలో మంచు కరిగాక ఊరు ఊరంతా లోయలు గాలించాం. వాడి చేతికర్ర దొరికింది. అంతే.

మనిషి పోయి శవం దొరక్కపోతే మా దగ్గర పెద్ద చిక్కు. పెళ్ళికాని కుర్రవాడు పోతే పెళ్ళికొడుకులా అలంకరించి పంపుతాం. అడవిలోంచి దేవదారు మొక్క కొట్టి తెచ్చి సమాధి తలదగ్గర పాతుతాం. ఆ తర్వాత వాడి పేరు మీద భోజనం పెడతాం, బట్టలు పెడతాం. కొత్త బట్టలు మడిచి కుర్చీ మీద ఉంచి, పైన తువ్వాలు వేసి, వాడి ఈడువాణ్ణి ఎవరినో ఒకణ్ణి, దారిన పోయేవాడైనా సరే, పిలిచి తినిపించి, ఆ బట్టలు తొడిగి పంపిస్తాం. పుచ్చుకున్నవాడు 'సంతోషం' అనో 'ధన్యవాదాలు' అనో అనకూడదు. పోయినవారి పేరు అడిగి, "దేవుడు స్వీకరించుగాక, ఫలానావారికి చేరుగాక" అనాలి. అప్పుడిక అక్కడ వాడికి చలి ఉండదు, ఆకలి ఉండదు.

ఇవేవీ జరగకపోతే పోయినవాడు దారి తెలియక ఇంటిచుట్టూ తిరుగుతాడు. అలాంటివాణ్ణి మేం స్త్రిగోయ్ అంటాం. కోటలో అందరూ వెతికే ఆ కోరలవాడికి ముత్తాత ఈ పల్లెటూరి దిక్కులేనివాడే.

సవేత ఇందులో ఒక్కటీ చెయ్యనివ్వలేదు. పాదిరిగారు ఇంటికొచ్చి నచ్చజెప్పాడు.

"శవం లేకపోయినా ప్రార్థన చెయ్యొచ్చు సవేతా. వాడి టోపీ ఒకటి పెట్టెలో పెట్టి..."

"టోపీ పెట్టుకునే వెళ్ళాడండీ."

"పోనీ, వాడి బట్టలైనా ఎవరికైనా..."

"వాడొచ్చి ఏం తొడుక్కుంటాడు?"

పాదిరిగారు కాఫీ తాగి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు చివర్లో పునీత ఆంద్రెయ పండగ వస్తుంది. దాని ముందటి సాయంత్రం ఇలా తిరిగే చచ్చినవాళ్ళకి పగ్గాలు తెగుతాయని మా నమ్మకం. చీకటి పడేలోగా ఇంటింటా వెల్లుల్లి దంచి కిటికీ చట్రాలకి, గుమ్మాలకి, తాళం కన్నాలకి, ఆవుల కొమ్ములకి కూడా రాస్తాం. బయటినుంచి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకం. రెండో పిలుపుకీ పలకం. బతికున్నవాడైతే మూడోసారి పిలుస్తాడు, విసుగొచ్చి ఓ తిట్టు కూడా తిడతాడు. స్త్రిగోయ్‌కి మూడోసారి పిలిచే ఓపిక ఉండదు.

సవేత ఆ రోజు ఇంట్లో వెల్లుల్లి రెబ్బ కూడా ఉంచుకోదు. గవ్రిల్ గది కిటికీ గడియ తీసి పెడుతుంది. వంటింటి బల్ల మీద వాడి పళ్ళెం, చెంచా, ప్లమ్ సారా పోసిన చిన్న గ్లాసు. కుర్చీ మీద స్వెటరు, దుమ్ము పడకుండా దానిపైన ఉతికిన తువ్వాలు. ఆ స్వెటరు ఏటేటా కొత్తదే. పాతది విప్పేసి, ఆ ఉన్నికి మరికాస్త కలిపి, కొంచెం పెద్దదిగా మళ్ళీ అల్లేది. "ఈ వయసులో మగాళ్ళకి ఒళ్ళొస్తుంది కదా వదినా" అంది ఒకసారి రఫీలతో. రఫీల ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. మా ఇంట్లో ఆ రోజు ఉల్లిపాయల కూర లేదు.

అయినా రఫీల ఊరుకునే రకం కాదు. ఏటా ఆ రోజున, సవేత అంగడి నుంచి రాకముందే కంచె దాటి వెళ్ళి ఆ కిటికీకి వెల్లుల్లి రుద్ది వచ్చేది. సవేత వచ్చి, వాసన పట్టి, వేడినీళ్ళు కాచి, బూడిదతో తోమి కడిగేసేది. ఆ తర్వాత కంచెకి అటొకరూ ఇటొకరూ.

"నీ మంచికేనే! వాడొస్తే నిన్నూ తీసుకుపోతాడు."

"తీసుకుపోనీ వదినా."

"నీకు మతి పోయిందే సవేతా."

"ఉండి ఏం చేసిందిట? నీ వెల్లుల్లి నీ పులుసులో వేసుకో. దానికైనా కాస్త రుచొస్తుంది."

రఫీలకి మిగతా మాటలన్నిటికంటే పులుసు మాట గుచ్చుకునేది. అయినా మరుసటేడు మళ్ళీ వెళ్ళేది.

నేను చెప్పే ఏడు, ఆ సాయంత్రం వానా మంచూ కలిసి పడుతున్నాయి. కోట పెందలాడే మూసేశారు. రఫీల కాలు బెణికి ఆ పూట కంచె దాటలేకపోయింది. నేను పశువుల కొట్టం తలుపుకి వెల్లుల్లి రాస్తున్నాను. వీధి గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారాండీ?"

నేను పలకలేదు. రఫీల కిటికీలోంచి నోటిమీద వేలేసి సైగ చేసింది.

"అయ్యా, కొంచెం తలుపు తీస్తారా?"

మూడో పిలుపు రాలేదు. బురదలో అడుగుల చప్పుడు పక్కింటివైపు సాగింది.

"చూశావా! మూడోది పిలవలేదు!" అంది రఫీల. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు సవేత ఇంటి ముందు ఒక్క మాట వినబడింది.

"అమ్మా!"

సవేత తలుపు తీసింది. మొదటి పిలుపుకే.

వంటింటి వెలుగు మెట్ల మీద పడింది. ఆ వెలుగులో పొడుగాటి మనిషొకడు. నల్ల గుడ్డ ఒంటికి అతుక్కుపోయింది, నడుం దాకా నీళ్ళూ బురదా, జుట్టు నిండా మంచు, నోట్లో కోరలు. సవేతకి గుడ్డా కోరలూ కనబడినట్టు లేదు. పొడుగూ, జుట్టులో మంచూ కనబడ్డాయి.

"వచ్చావా" అంది.

ఆ మాట అన్న గొంతు నేను చెప్పలేను. నా దగ్గర ఉన్న అబద్ధాల్లో దేనికీ అది సరిపోదు.

వాడు లోపలికి అడుగు పెట్టాడు. తల వంచి, జాగ్రత్తగా, గుమ్మం తగలకుండా.

సవేత భుజాలు జారిపోవడం నేను కొట్టం దగ్గర్నుంచే చూశాను. తర్వాత "కాళ్ళు తుడుచుకో బాబూ" అంది, అంగట్లో మాట్లాడే గొంతుతో.

నేను కంచె దాటబోయాను. "ఎక్కడికి?" అంది రఫీల.

"గొడ్డలి తెచ్చుకుంటా."

"గొడ్డలి మన కొట్టంలోనే ఉంది కదయ్యా!"

నేను వెళ్ళేసరికి ఆ కుర్రాడు పొయ్యికి ఆనుకుని గజగజలాడుతున్నాడు.

"ఎవడివిరా నువ్వు?" అన్నాను.

"కోస్తిన్, తాతా. మాది బ్రయీల. కోట చూద్దామని వచ్చా. వెనకవైపు అడ్డదారిన దిగుతూ జారి వాగులో పడ్డా."

"ఆ కోరలేమిటి?"

"అయ్యో!" అని తీసి జేబులో దాచుకున్నాడు. "చలికి పళ్ళు కొట్టుకుంటుంటే నాలిక కరుచుకోకుండా అడ్డం ఉంటాయని ఉంచుకున్నా. మర్చేపోయా. అవునుగానీ తాతా, కోటలో ఒక దువ్వెన ఉంది, అది నిజంగా ఆ దొరదేనా?"

"మా ఆవిడది" అన్నాను. సవేత మొహం చూశాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

సవేత బల్ల దగ్గర నిలబడి ఉంది. గవ్రిల్ పళ్ళెం తీసి లోపల పెట్టేస్తుందేమో అనుకున్నాను. ఆమె దాన్ని చూసింది, వణుకుతున్న ఆ కుర్రాణ్ణి చూసింది. పొయ్యి మీది సంకటి తీసి ఆ పళ్ళెంలోనే వడ్డించింది. జున్ను పెట్టింది, పైన మీగడ వేసింది.

"ముందు తిను. ఆ తడి చొక్కా విప్పి, కుర్చీ మీదది వేసుకో" అంది.

నీవి ఆరేదాకా, అని ఆమె మనసులో ఉంది. నాకు తెలుసు. పైకి అనలేదు.

కుర్రాడు బల్లవైపు చూశాడు. ఎవరూ ముట్టని పళ్ళెం, నిండు గ్లాసు, కొత్త స్వెటరు, మడత నలగని తువ్వాలు. దారిన పోతున్న తనని మొదటి పిలుపుకే లోపలికి పిలిచిన ముసలమ్మ. నాన్నమ్మల చేతి కింద పెరిగిన మా దేశపు కుర్రాడెవడైనా అది పోయినవారి పేరు మీద పెట్టే భోజనమనే అనుకుంటాడు. వాడి మొహంలో నవ్వు పోయింది. నల్ల గుడ్డ తీసి మూలన పడేశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, నిటారుగా నిలబడి, శిలువ గుర్తు వేసుకున్నాడు.

"పోయినవారి పేరేమిటమ్మా?" అన్నాడు.

సవేత పలకలేదు.

నా నోటినిండా మాటలున్నాయి. ఎవరూ పోలేదురా, అన్నా చాలు. వాడు కొండ మీదున్నాడు, గొర్రెలకోసం వెళ్ళాడు, అన్నా చాలు. అంతకంటే పెద్దవి ఎన్నో ఆడాను, పరాయివాళ్ళ కోసం. ఆ ఒక్కటి పెదవి దాటలేదు.

ముసలమ్మకి వినబడలేదనుకున్నాడు కుర్రాడు. "పేరమ్మా, పోయినవారి పేరు?" అని మళ్ళీ అడిగాడు.

సవేత చేతిలో గరిటె నుంచి సంకటి చిన్న ముద్దగా నేలమీద పడింది.

వాడు ఆమె దగ్గరికి వెళ్ళి, పసిపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "పేరు తెలియకుండా నేను పుచ్చుకోకూడదు కదమ్మా. మీరు పెట్టినదంతా దారిలో ఆగిపోతుంది. ఆయన అక్కడ చలిలో ఉండిపోతాడు. చెప్పండమ్మా, ఎవరు?"

అది మూడోసారి. బతికున్నవాళ్ళే మూడోసారి పిలుస్తారు.

"గవ్రిల్" అంది సవేత.

"దేవుడు స్వీకరించుగాక" అన్నాడు కుర్రాడు. "గవ్రిల్‌కి చేరుగాక."

గ్లాసులోంచి పోయినవాడి వంతు ఒక చుక్క నేలమీద వంపి, మిగతాది తాగి, కూర్చుని తిన్నాడు. ఆకలిమీద ఉన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి, ఇంకొంచెం వేసుకోవచ్చా అని కళ్ళతోనే అడిగి, తనే వడ్డించుకున్నాడు. సవేత ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా చూసింది.

"మావాడూ అంతే, మారు వడ్డించుకునేవాడు" అంది.

స్వెటరు వాడికి వదులైంది. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. సవేత లేచి ఒక్కొక్క చెయ్యీ మణికట్టు దగ్గరికి మడిచింది.

"గవ్రిల్ నాకంటే పొడుగా అమ్మా?"

"ఆ గుమ్మానికి తల కొట్టుకునేవాడు."

ఆఖరి బస్సు మలుపులో హారన్ కొట్టింది. కుర్రాడు తడి బట్టలు మూట కట్టుకున్నాడు. వాడి వైపు నుంచి చూస్తే స్వెటరు విప్పి ఇవ్వడం అనేదే లేదు. పోయినవారి పేరుమీద పుచ్చుకున్నది తిరిగిస్తే పోయినవారికి అవమానం. సవేత కూడా అడగలేదు. వాడు వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ఆమె స్వెటరు అంచు వేళ్ళతో పట్టుకుని, ఒక పోగు సరిచేస్తున్నట్టు నటించి, వదిలింది.

"మెడ కప్పుకో. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు" అంది.

నేను వాణ్ణి ఎక్కించి వచ్చాను. వాడు మంచి పని చేసి వెళ్తున్నవాడిలా సంతోషంగా చెయ్యూపాడు. వాడి తప్పేముంది? వాళ్ళ నాన్నమ్మ బాగానే పెంచింది.

ఇంటికొచ్చి రఫీలకి అంతా చెప్తూ కాళ్ళు కాచుకుంటుంటే గేటు దగ్గర పిలుపు.

"వదినా!"

రఫీల నోటిమీద వేలేసుకుంది.

"వదినా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"రఫీలా వదినా! చచ్చావా బతికున్నావా? తలుపు తియ్యి!"

రఫీల కుంటుకుంటూ పరిగెత్తింది. సవేత తలమీద గుడ్డయినా లేకుండా వానలో నిలబడి ఉంది.

"ఒక వెల్లుల్లి పాయ ఉంటే ఇయ్యి" అంది.

రఫీల గోడకి వేలాడే వెల్లుల్లి జడ మొత్తం తీసి చేతుల్లో పెట్టింది. "నేనొచ్చి రాస్తానే" అంది.

"వద్దు. నేనే రాస్తా."

మేమిద్దరం కంచె దగ్గర నిలబడ్డాం. ముందు లోపల గవ్రిల్ గది కిటికీ గడియ పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత సవేత బయటికొచ్చి, లాంతరు నేలమీద పెట్టి, రెబ్బలు వేళ్ళతో చిదిమి రాయడం మొదలుపెట్టింది. మాలాగా గబగబా రుద్ది పోలేదు. పిల్లలకి దగ్గొస్తే బాతుకొవ్వు వేడిచేసి గుండెకి రాస్తారు చూడండి, అలా రాసింది. అరచేత్తో, మెల్లగా, పై చట్రం, పక్కలు, కింద, మళ్ళీ పై చట్రం. వేలెడు చోటు కూడా వదల్లేదు. అంతా అయ్యాక నుదురు ఆ కిటికీకి ఆనించి నిలబడింది.

"ఇన్నేళ్ళూ నేను రాసిందల్లా కడిగేసింది" అంది రఫీల ముక్కు చీదుకుంటూ. "ఇప్పుడు నేనెళ్ళి కడిగెయ్యనా ఏమిటి?"

"కడిగేవు గనక. లోపలికి పద" అన్నాను.

వసంతంలో చర్చి వెనక ఒక దేవదారు మొక్క పాతారు. దాని కింద ఎవరూ లేరు. పాదిరిగారు ప్రార్థన చదివాడు, మేం గోధుమ పాయసం తిన్నాం. సవేత మర్నాడు మళ్ళీ అంగడి తెరిచింది. ఆ తర్వాత మగవాళ్ళ స్వెటరు అల్లగా నేను చూడలేదు.

మొన్న ఒక బస్సునిండా మా దేశం వాళ్ళే వచ్చారు, మా భాష తెలిసినవాళ్ళే. కోట గుమ్మం ముందు వాళ్ళని నిలబెట్టి ఈ కథంతా చెప్పాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుని, ఆ సవేతని చూడొచ్చా అంది. నేను ఎదురంగడి చూపించాను. సవేత మొదటినుంచీ వింటూనే ఉంది.

"అన్నీ అబద్ధాలు" అంది, సూదులు ఆడిస్తూనే. "ఆ ఏడు ఆ సాయంత్రం వానే లేదు. నేను ఎవరికీ స్వెటరు ఇవ్వలేదు. మా అమ్మ బతికున్నప్పట్నుంచీ ఏటా కిటికీకి వెల్లుల్లి రాస్తూనే ఉన్నాను. ఈ ముసలాయన మఠం బడిలో చదివాడమ్మా, నాకంటే బాగా అల్లుతాడు."

"మరి ఆ కుర్రాడు?" అంది ఆవిడ.

సవేత సూదులు ఆగాయి.

"ఏ కుర్రాడూ రాలేదు" అంది. "మా ఇంటికి ఎవరూ రాలేదు."